బెల్లం కట్టిన రష్యా కాగితం

రష్యా దేశపు కాగితానికి పరీక్ష పెట్టి పాస్ చేసింది నేనేనని చందూర్‌లో అందరికీ చెప్పుకుంట. నిజం చెప్పాలంటే, నేను చేసిందల్లా బస్సులో కొంచెం జరిగి చోటివ్వడమే. పరీక్ష పెట్టింది మా ఇంటామె.

ఆ బస్సుల నేను, మా ఇంటామె నిజామాబాద్ నుంచి బోధన్ పోతున్నం. నా పక్కన కూర్చున్న తెల్లాయన రష్యాలో కాగితపు మిల్లు కెమిస్టు. వచ్చీరాని హిందీలో తన సంగతి చెప్పిండు. జిందగీ అంతా చెట్లు ఉడకబెట్టి కాగితం చేసిండట. ఇప్పుడు చెట్టు కొట్టకుండా, చెరుకు పిప్పితోనే గట్టి కాగితం చేయాలని పట్టుబట్టి, ఆ పిప్పి కోసమే బోధన్ దిక్కు వచ్చిండు. పిప్పి నార పొట్టిది, ఆ కాగితం బరువు ఆపదని తోటివాళ్లు నవ్వుతున్నరట. సంచిలోంచి తను చేసిన కాగితం ఒకటి తీసి మాకు చూపించిండు.

మా ఇంటామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. టిఫిన్ డబ్బాలోంచి మెత్తటి కొత్త బెల్లం తీసి, ఆ కాగితంలోనే పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది.

"తిను అన్నా, బక్కగున్నవ్" అన్నది.

అంత కష్టపడి చేసిన కాగితం ఖరాబు చేసిందని నాకు పానం పోయినంత పనైంది. ఆయన మాత్రం ఆ పొట్లాన్ని బోధన్ దాకా కింద పెట్టలేదు. దిగేటప్పుడు "కాగితం బరువు ఆపింది" అని నవ్విండు.

మొన్న ఈ ముచ్చటే చుట్టాలకు చెప్తూ, "చుక్క కారలేదు, చిన్న చిరుగు పడలేదు" అన్న. మా ఇంటామె ఊకోలేదు.

"ఏం ఆపింది, నీ మొకం! నడుమ ఎడపల్లి రాకముందే పొట్లం అడుగు చినిగింది. మనం గూడ నవ్వుతమని కింద చెయ్యి అడ్డం పెట్టుకొని కూసున్నడు. నేను సూసిన. నీకు చెప్తే నవ్వుతవనే నోరు మూసుకున్న."