కొండ దిగిన అడుగులు

జ్ఞాపకశక్తి పెంచుకోబోయి, కన్నతండ్రి చేత గొర్రెల మంద అమ్మించబోయిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, పరవాలేదు. ఆ రెండు రోజులు మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆత్మకూరులో ఆఫీసు ఉద్యోగం నాది. ప్రమోషన్ కోసం రాయాల్సిన డిపార్ట్‌మెంట్ పరీక్ష రెండుసార్లు పోయింది. పొద్దున చదివింది మధ్యాహ్నం భోజనంతో పాటు అరిగిపోయేది. నడిస్తే బుర్ర చురుకవుతుందని ఫోన్లో ఎవరో చెప్పగా విని, సెలవు పెట్టి ఉదయగిరి పక్కన మా ఊరికి వెళ్లాను. వాన వెలిసిన సాయంత్రం చెప్పులు చేతబట్టుకుని, రూల్సు వల్లించుకుంటూ, మా దొడ్డి నుంచి కొండ మీది పెద్ద బండరాయి దాకా నడిచాను. అవతలి పక్క రోడ్డు మీదికి దిగి, తెలిసినవాళ్ల మోటారు సైకిలెక్కి ఇల్లు చేరాను.

మర్నాడు మంచు విడవక ముందే నాయన లేపాడు. "దొడ్డికాడికి రారా."

ఎర్రమట్టిలో అడుగులు. బండరాయి దగ్గర మొదలై కొండ దిగి, నేరుగా మా గొర్రెల దొడ్డి తలుపు దగ్గర ఆగిపోయాయి. ఎక్కిన అడుగు ఒక్కటీ లేదు.

"ఎక్కకుండా దిగిందేందిరా?" అన్నాడు నాయన గొంతు తగ్గించి.

నేను నోరు మూసుకోవాల్సింది. చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకుంటానా? "తిరిగిపోయిన గుర్తు గూడా లేదు నాయనా. అంటే ఇంకా ఈడే ఉండాది."

దొడ్డిలో గొర్రెలన్నీ ఒక మూలకు చేరి, చప్పుడు చెయ్యకుండా మా వెనక్కే చూస్తున్నాయి. నేను వెనక్కి తిరగలేదు. నిజంగా భయపడ్డాను.

ఆ అడుగుల్ని తొక్కడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. రెండు రోజులు మంద కొండకు పోలేదు. ఆకలికి గొర్రెలు అరుస్తుంటే వినలేక నాయన, "కలువాయి బేరగాణ్ణి రమ్మన్నా. మంద ఇచ్చేస్తా," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొండాపురంలో మా మేనత్త ఇంటికి వెళ్లిన అవ్వ ఆ రోజే తిరిగొచ్చింది. డెబ్భై దాటినా రోజూ మంద వెంట నడిచే మనిషి. వంగి అడుగులు చూసింది.

"ముని కాలు లోతుగా దిగుండాది, మడమ ఆననే లేదు. ఇది దిగిన అడుగు కాదు, ఎనక్కి ఎక్కినది. ఎడం బొటనేలు పక్కకి పోయుండాది. ఏదీ, నీ కాలు పెట్టు."

పెట్టాను. సరిగ్గా కూర్చుంది. మామూలు నడక కంటే వెనక్కి నడిస్తే ఇంకా మేలని ఫోన్లో ఆయన చెప్పిన మాట, ఆ సాయంత్రం నేను కొండెక్కింది అలాగేనన్న సంగతి అప్పుడు గుర్తొచ్చాయి.

"ఎనక్కి ఎందుకు నడిచినావురా?"

"జ్ఞాపకశక్తికి మంచిదంట అవ్వా."

"మంచిదే. నడిచినట్టు మాత్రం గుర్తుండదా?"

బేరగాడు వట్టి చేతులతో పోయాడు. ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ముఖం ఎటుంటే అటే నడుస్తాను. ఎప్పుడు నడిచినా, మళ్లీ మరిచిపోకముందే ఇంటికి రాగానే, ఆ నడిచింది నేనేనని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అవ్వ చేతికిస్తాను.