మొదటి పెట్టెలో తాతయ్య

కుర్చీలోంచి లేవకుండా, చేతికి మట్టి అంటకుండా, ఒక చెరకు తోటలో పనిచేసే వాళ్ళందరినీ ఒక్క పూటలో చంపేసిన మనిషిని మీరు చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. పోయినవాళ్ళలో నా సొంత మేనమామ కూడా ఉన్నాడు. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా అత్త మాత్రం చాలాకాలం నవ్వలేదు.

మా మారిషస్‌కి అప్పటికింకా స్వాతంత్ర్యం రాలేదు. వస్తోంది, వస్తోంది అంటున్నారు. అది రాకముందే పోర్ట్ లూయీలో మా చక్కెర కంపెనీ ఆఫీసుకి కంప్యూటరు వచ్చేసింది. గదంత ఉండేది. మేమంతా చెమటలు కక్కుతుంటే దానికి మాత్రం చల్లగాలి. మా ఊరు ట్రియోలే నుంచి బస్సులో నలిగి వచ్చే నన్ను, లెక్కల్లో మార్కులు బాగున్నాయని దాని ముందు కూర్చోబెట్టారు. ఇంగ్లండు నుంచి వచ్చిన దొర ఒకాయన కొన్నాళ్ళు పాఠం చెప్పి, ఇక నువ్వు ప్రోగ్రామరువి అన్నాడు. మా అమ్మ ఆ మాట వీధంతా చెప్పింది. అంటే ఏమిటని ఎవరైనా అడిగితే "డాక్టరులాంటిదేలే" అనేది. పోలిక మరీ తప్పేమీ కాదు. ఇద్దరి చేతుల్లోనూ మనుషులు పోతారు.

నా మొదటి పని తోట కూలీల వివరాలు మెషీన్లోకి ఎక్కించడం. అదెలాగో తెలియాలంటే మీ ఇంట్లో పోపులపెట్టె తలుచుకోండి. ఆవాలకొక గిన్నె, జీలకర్రకొకటి, మెంతులకొకటి. అలాగే ఒక్కో కూలీకి ఒక పెట్టె. అందులో పేరుకొక గిన్నె, పనికొకటి, ఉంటున్న ఇంటికొకటి, మనిషి ఉన్నాడా పోయాడా అనేదానికొకటి. ఇలాంటి పెట్టెలు బారుగా పేర్చి ఉంటాయి. చిల్లులు పొడిచిన అట్టకార్డులు ఒక్కొక్కటే మెషీన్ చదువుతూ ఆ గిన్నెలు నింపుతుంది.

దొర ముందే హెచ్చరించాడు. "ఆ పెట్టెల్లో పాత ప్రోగ్రాముల చెత్త మిగిలి ఉంటుంది. ముందు అన్నీ శుభ్రం చెయ్యి, తరవాత కార్డులు చదివించు."

"ఒక్కో పెట్టె తుడవాలాండీ?"

"అక్కర్లేదు. ఒక పెట్టె తయారుచేసుకుని, మిగతావన్నీ దానిలాగే ఉండమని ఒక్క వాక్యం రాస్తే చాలు."

"ఆ మొదటి పెట్టెలో ఏం పెట్టమంటారు?"

"ఏమీ పెట్టకపోతే మంచిది."

ఏమీ పెట్టకపోవడమట. మా ఇళ్ళలో ఏ శుభకార్యానికైనా మొదటి భాగం పెద్దలది. కొత్తబట్టలు ముందు పెద్దల పటం దగ్గర పెట్టి తరవాత కట్టుకుంటాం. పండగనాడు మొదటి విస్తరి వాళ్ళకే. అలాంటిది మా వంశంలో మొదటిసారి ఒకడు మెషీన్ ముట్టుకుంటూ మొదటి పెట్టె ఖాళీగా వదలడమా? ఆ తోటలోనే చెరకు కొట్టి కొట్టి పోయిన మా తాతయ్యను అందులో కూర్చోబెట్టాను. పేరు అప్పలస్వామి. పని చెరకు కోత. ఉన్నాడా పోయాడా అన్న గిన్నె దగ్గర కాస్త ఆగాను. పెద్దల దగ్గర అబద్ధమాడకూడదు కదా, "పోయాడు" అని పెట్టాను. మనసులో దణ్ణం పెట్టుకుని, మిగతా పెట్టెలన్నీ దానిలాగే ఉండమని ఆజ్ఞ రాశాను.

కార్డులు వచ్చాయి. తాతయ్య పేరు తీసి ఎవరి పేరు వాళ్ళకు పెట్టాయి, పనులు మార్చాయి, ఇళ్ళు మార్చాయి. ఉన్నాడా పోయాడా అన్నచోట మాత్రం కార్డుల్లో ఏమీ లేదు. పోయినవాళ్ళకే చిల్లు పొడవమని కార్డులు కొట్టే అమ్మాయిలకు చెప్పారట. బతికున్నవాడికి గుర్తు ఎవరు పెడతారు? కార్డులో ఖాళీ కనిపిస్తే పెట్టెలో ఉన్నదాన్ని కదపవద్దని రాసిన తెలివి కూడా నాదే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా అన్నీ అందుతాయంటారు. ఇక్కడ వడ్డించింది నేను. కడబంతిదాకా అందరికీ తాతయ్య చావే అందింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ తోటలో ఇల్లు కంపెనీది. పనివాడు పోతే ఇంటివాళ్ళు ఖాళీ చేసి కొత్త పనివాడికి ఇవ్వాలి. ఆ నోటీసులు మెషీనే అచ్చేసింది. మెషీన్ తప్పు చేయదని దొర చూడకుండా సంతకాలు చేశాడు. వాటిని ఇల్లిల్లూ పంచాల్సినవాడు కూలీల మీద మేస్త్రీ, మేం సిర్దార్ అంటాం. తన నోటీసు కూడా అందులో ఉంటే పాపం తనకు తనే ఇచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పోయినవాళ్ళంతా కొడవళ్ళు పట్టుకుని పనికి వచ్చారు. తోటలో కనిపించినవాడు బతికున్నట్టేనని పై నుంచి హుకుం వచ్చింది. అందరూ హాయిగా బతికేశారు, మా సింహాచలం మావయ్య తప్ప. ఉబ్బసంతో మంచం పట్టి ఎన్నాళ్ళో అయింది. పనికి రాడు కాబట్టి, అతని నోటీసు ఒక్కటే నిజమని అందరూ నమ్మారు.

నేను వెళ్ళేసరికి అత్త గిన్నెలు మూట కడుతోంది. సిర్దార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మో పాన్ మోర్" అంటున్నాడు మావయ్య మంచం మీంచి. నేను చావలేదయ్యా అని, మా క్రియోల్ భాషలో.

"కనబడుతున్నావులే మావా. కాగితం ఒప్పుకోవద్దా?"

"మరి నేనేం చెయ్యాల?"

"లేచి ఒక్కసారి తోటలోకి వచ్చి కనబడు."

"లేస్తే నిజంగానే పోతాను" అన్నాడు మావయ్య. నవ్వబోయి దగ్గులో పడ్డాడు. అత్త వీపు రాసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఒంటిగది ఇంట్లోనే ఆయన పుట్టాడు. అక్కడే పోతానని ఎప్పుడూ అనేవాడు. దాన్నే లాక్కున్నాను, అదీ తాతయ్యకు దణ్ణం పెట్టి మరీ.

"ఎవుడు చేశాడో ఈ పని, ఆడి చేతులు పడిపోనూ" అంది అత్త.

"నేనే అత్తా."

అత్త నా చేతులకేసి చూసింది.

మర్నాడు ఆఫీసుకి పరిగెత్తాను. "ఈ పూటే సరిచెయ్యి" అని దొర నెత్తిన నిలబడ్డాడు. అన్ని పెట్టెల్లోనూ "ఉన్నాడు" అని పెట్టమని రాశాను. కంగారులో ఆ వాక్యాన్ని కార్డులు చదవకముందు పెట్టడానికి బదులు చదివాక పెట్టాను. అంట్లు తోమాక వడ్డించాలి గానీ, వడ్డించాక తోమితే ఏముంటుంది? ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. మావయ్య బతికినట్టు కాగితం వచ్చింది, అత్త మూటలు విప్పింది, నేను మళ్ళీ గొప్పవాణ్ణయ్యాను.

కోతలు మొదలయ్యాక మా ఇంటికి ఒక నోటీసు వచ్చింది. అప్పలస్వామి వెంటనే కోతకు రావాలని. అమ్మ దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది.

"బతికినన్నాళ్ళూ చెరకు కొట్టించుకున్నది చాల్లేదటరా?" అంది. కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు తట్టింది. పోయిన పాత కూలీల కార్డుల్లో తాతయ్యదీ ఉంది. దానికి చావు చిల్లు ఉన్నా సరే, చదివిన వెంటనే నా వాక్యం వచ్చి "ఉన్నాడు" అని రాసేస్తోంది. నా పుణ్యమా అని ఆ తోటలో ఇక ఎవరూ చావడానికి వీల్లేదు.

ఈ సంగతి మెషీన్‌కి తెలుసు, మావయ్యకు తెలియదు. ఆ వారమే తన ఇంట్లో, తన మంచం మీద కన్నుమూశాడు. కర్మకాండలన్నీ అయ్యాక నేను అత్త దగ్గర కూర్చుని ఉండగా సిర్దార్ మళ్ళీ వచ్చాడు, చేతిలో కాగితంతో.

"అత్తా, మావ కోతకు రావట్లేదని అడుగుతున్నారు."

"నువ్వూ పాడె మోశావు కదరా."

"మోశాను. పోయాడని రాసి పంపాను కూడా. కాగితంలో మాత్రం ఉన్నాడు."

"బతికుండగా ఉన్నాడంటే నమ్మలేదు. ఇప్పుడు పోయాడంటే నమ్మరా?"

సిర్దార్ తల వంచుకుని వెళ్ళిపోయాడు. నాకు సిగ్గేసింది. "రేపే బాగుచేస్తాను అత్తా" అన్నాను.

"బాగుచేస్తే?"

"మావయ్య పోయినట్టు మెషీన్‌కి తెలుస్తుంది."

"తెలిస్తే?"

అత్త ఇల్లంతా ఒకసారి చూసింది, పొయ్యి, మంచం, గోడన దేవుడి పటం.

"ఒకసారి చంపావు. మళ్ళీ చంపకురా" అంది.

అందుచేత చదువరులారా, తాతయ్య సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇంకెప్పుడూ ఒకరి పెట్టెలోది ఇంకొకరి పెట్టెలో పోయను. కార్డులు చదవకముందే తుడుస్తాను, చదివాక ముట్టుకోను. పెద్దలకు పెట్టేది విస్తట్లోనే పెడతాను. ఆ వాక్యాన్ని మర్నాడే తీసుకెళ్ళి ఉండాల్సిన చోట పెట్టాను, తాతయ్యకు విశ్రాంతి ఇప్పించాను. ఒక్క పెట్టె మాత్రం "ఉన్నాడు" అనే వదిలేశాను. స్వాతంత్ర్యం వచ్చినరోజు కొత్త జెండాను అత్త తన గుమ్మంలోనే నిలబడి చూసింది. మా మావయ్య ఆ తోటలో ఇంకా పనిచేస్తున్నాడు.