నిండు తెర

మొన్న శంషాబాద్ బస్టాండు దగ్గరి సెలూన్‌లో గడ్డం గీయించుకుంటుంటే గోడ మీది టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. అందులో హీరోయిన్ ముఖం పూరీలాగా పొంగి ఉంది. బొమ్మను రెండు వైపులా పట్టి లాగితే అట్లా అవుతుంది. నేను చెంపల మీద సబ్బు నురగతోనే లేచి, "రిమోట్ జర ఇటియ్యి, బొమ్మ సక్కగ చేస్త" అన్నాను. సెలూన్ ఆయన కత్తి పైకెత్తి పట్టుకుని, "సక్కగ చేస్తే రెండు దిక్కుల నల్ల పట్టీలొస్తయ్ సార్. గిట్లనే నిండుగున్నది గదా" అన్నాడు. ఆ 'నిండుగ' అన్న మాట వినగానే మళ్లీ కుర్చీలో కూలబడ్డాను. ఒకప్పుడు అది నా నోటి మాట.

విమానాశ్రయం మొదలైన కొత్తలో మా దిక్కు మనుషులు భూమిని ఎకరాల్లో కాకుండా గజాల్లో మాట్లాడటం నేర్చుకున్నారు. నేను సేద్యం అన్నకు వదిలేసి ప్లాట్లు చూపించే పనిలో దిగాను. తెల్ల చొక్కా, కారు, రెండు ఫోన్లు. రెండో ఫోను ఎక్కువగా ఊరికే చేతిలో ఉండేది. అన్న ఊళ్లోనే ఉండి బర్రెల్ని పెట్టుకున్నాడు. రోజూ పొద్దున సైకిల్ మీద పాల క్యాను వేసుకుని వచ్చి, మా ఇంట్లో పోశాకే మిగతా ఇళ్లకు పోయేవాడు. నేను కట్టుకున్న కొత్త ఇంట్లో హాలు గోడ ఒకటి ఖాళీగా ఉండిపోయింది. ప్లాట్లు కొనడానికి ఇంటికొచ్చే గిరాకీలకు నేనెవరో ఆ గోడే చెప్పాలని నా కోరిక.

టీవీ కొనడానికి అన్నను వెంట తీసుకుపోయాను. సలహా కోసం కాదు, ఆయన చూస్తుండగా కొనాలని. దుకాణంలో వరుసగా పలకల్లాంటి టీవీలు, అన్నిట్లోనూ ఒకటే బొమ్మ: పచ్చటి ఆకు మీద నీటి చుక్క. అన్న భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకుని దగ్గరికి పోయి, వంగి చూసి, "తమ్మీ, ఆకు కింద పురుగున్నది చూడు. మందు కొట్టాలె" అన్నాడు. దుకాణం అతను పగలబడి నవ్వాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. అన్న మూలనున్న చిన్న టీవీ చూపించి, "గిది చాలు. మనుషులు మనుషులంతనే ఉన్నరు" అన్నాడు. నేను అన్నిటికంటే పెద్దది తీసుకున్నాను.

తీరా గోడకు బిగించి కేబుల్ వైరు పెట్టేసరికి బొమ్మ మధ్యలోనే నిలిచింది. అటూ ఇటూ నల్ల పట్టీలు. తెర కొత్తదే గానీ వైరులో వచ్చే బొమ్మ పాత కొలతదని కేబుల్ అతను నచ్చజెప్పబోయాడు. నేను వినలేదు. "తెర మొత్తం కొన్న. మొత్తం నిండుగ రావాలె" అన్నాను. అతను రిమోట్ మీద ఏదో నొక్కాడు. బొమ్మ సాగి తెరంతా నిండింది. "ఏందిది, అందరు గుమ్మడికాయల లెక్క ఉన్నరు?" అంది మా ఇంటామె. "దాన్నే హెచ్‌డీ అంటరు. గట్లనే ఉంటది" అన్నాను. హెచ్‌డీలో అంతా స్పష్టంగా కనబడుతుందని దుకాణం అతను పొగుడుతుంటే నేను పట్టుకున్నవి ఆ రెండక్షరాలే. వాటి అర్థం నేనే కల్పించాను. మా ఇంట్లో అప్పటినుంచి హెచ్‌డీ అంటే లావు. పెళ్లైన తర్వాత ఎవరైనా ఒళ్లు చేస్తే "మస్తు హెచ్‌డీ అయిండు" అనేవాళ్లు. చుట్టాలు కూడా ఆ మాట పట్టుకున్నారు. నెత్తి మీంచి విమానం పోయినప్పుడల్లా టీవీలో మాటలు వినబడేవి కావు. ఆ లావు మనుషులు నోళ్లు మాత్రం ఆడించేవాళ్లు, మేం నవ్వుకునేవాళ్లం.

రెండేళ్లకు మా బిడ్డకు చీర కట్టించే ఫంక్షన్ చేశాం. దాని వీడియో వచ్చిన ఆదివారం అన్నావదినలను పిలిచి అందరం టీవీ ముందు కూర్చున్నాం. మధ్యలో నేను నీళ్లకు లేస్తే వదిన వంటింటి గడప దగ్గర ఆపింది. "మరిదీ, మీ అన్న బువ్వ తింటలేడు. రెండు ముద్దలకే కడుపు నిండిందంటడు. సన్నగైతున్నడు. జర పట్నం దవాఖానకు తీస్కపో, నువ్వు చెప్తెనే ఇంటడు." ఆ వారం కందుకూరు వైపు ఒక లేఅవుటుకు గిరాకీల్ని తిప్పే పని ఉంది. ఒక రోజు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. సరిగ్గా అప్పుడే తెర మీద అన్న వచ్చాడు, బిడ్డ తల మీద అక్షింతలు వేస్తూ. నిండు చెంపలు, అంత వెడల్పు భుజాలు. నేను బొమ్మను అక్కడే ఆపి గట్టిగా అన్నాను: "వదినా, గిటు చూడు! గీన సన్నగున్నడా? మా అన్న ఫుల్ హెచ్‌డీ!"

ఇల్లంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. తెర వైపు చాలాసేపు చూసి, చెంప తడుముకుని, "ఔ, మంచిగనే ఉన్న గదా. మా ఇంట్ల అద్దమే ఖరాబైనట్టున్నది" అన్నాడు. వదిన నవ్వలేదు. నన్నొకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

తెలియక అన్నానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. ఆయన చొక్కా మెడ దగ్గర వదులైంది నేను చూశాను. గేటు నుంచి గుమ్మానికి వచ్చేలోగా పాల క్యాను కింద పెట్టి ఊపిరి తీసుకోవడం చూశాను. ఎదురుగా ఉన్న మనిషి కంటే గోడ మీది మనిషి నాకు అనుకూలంగా ఉన్నాడు, ఆయన్నే నమ్మాను. దవాఖాన మాట తర్వాత వదిన ఎత్తినప్పుడల్లా అన్నే, "తమ్ముడు చూసిండు గదా, మంచిగనే ఉన్ననన్నడు" అని కొట్టిపారేసేవాడట. వానాకాలం చివర కొట్టంలో గడ్డి వేస్తూ పడిపోయాడు. అప్పుడు కారులో పడుకోబెట్టుకుని పోయాను. కడుపులో గడ్డ, బాగా ముదిరిందన్నారు. ఇంకా ముందే తేవాల్సిందన్నారు. పండుగలు రాకముందే పోయాడు.

సంవత్సరికం అయిన మర్నాడు వదిన మా ఇంటికొచ్చి, "గా ఫంక్షన్ కేసెట్టు ఒక్కపారి పెట్టు, మీ అన్నను చూస్త" అంది. మా బిడ్డ డిస్కు వేసింది. అప్పటికది కాలేజీకి పోతోంది, యంత్రాలన్నీ తెలుసు. "బాపూ, ఇన్ని రోజులు బొమ్మను గుంజి పెట్టినవ్" అని విసుక్కుంటూ ఒక మీట నొక్కింది. రెండు వైపులా నల్ల పట్టీలు వచ్చి నిలబడ్డాయి. వాటి మధ్య మా అన్న. చెంపలు లోపలికి పోయి, కాలరులోంచి మెడ నరాలు తేలి, సన్నటి చేత్తో బిడ్డకు అక్షింతలు వేస్తున్నాడు. దుకాణం అతను పొగిడినట్టు నిజంగానే అంతా స్పష్టంగా కనబడింది. మా నెత్తి మీంచి విమానం ఒకటి పోయింది. అది పోయాక వదిన, గొంతు పెంచకుండా, "గిప్పుడు కనపడ్డడా, మరిదీ?" అంది.

ఆమె మళ్లీ మా ఇంట్లో ఆ టీవీ ముందు కూర్చోలేదు. హెచ్‌డీ అన్న మాటను ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నవ్వులకు వాడలేదు. టీవీ ఆ గోడకే ఉంది, నల్ల పట్టీలతోనే. వచ్చినవాళ్లెవరైనా నిండుగా పెట్టుకోవచ్చు కదా అంటే వద్దంటాను. ఎప్పుడైనా ఒంటరిగా ఉన్నప్పుడు ఆ డిస్కు వేసుకుంటాను. నాకిప్పుడు అందులోని అన్న కంటే వయసెక్కువ. నన్ను తమ్మీ అని పిలిచిన మనిషి నాకంటే చిన్నవాడై అక్కడ నిలబడి ఉంటాడు. కాలం మా ఇద్దరి వరుసను తిరగేసింది గానీ, ఆ సన్నటి చేతిని పట్టుకుని దవాఖానకు నడిపించే ఆ ఒక్క ఆదివారాన్ని మాత్రం మళ్లీ నా చేతికివ్వలేదు.