ఎర్ర గచ్చు మీద కోడి అడుగులు

కొట్టు వెనక కొత్త గది కట్టిస్తున్నా. "పాత గదిలో ఈ ఎర్ర గచ్చు కొట్టేసి టైల్స్ ఏసేద్దాం అక్కా" అన్నాడు మేస్త్రి నిన్న. తడి సిమెంటు వాసనకి చిన్నతనం గుర్తొచ్చింది.

ఎండాకాలం గచ్చుకి చెంప ఆనించి పడుకునేవాళ్లం, మీకూ గుర్తుందా? మా వీధిలో మొదటి గచ్చు మాదే, ఈ గదిలోదే. ఆరకముందే మా కోడి దాని మీద నడిచేసింది. నాన్న మళ్లీ మెత్తించబోతే అమ్మ అడ్డం నిలబడింది. "ఏటయ్యా, మనకన్నా ముందు అదే గృహప్రవేశం సేసింది. ఉండనీ!"

ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

"సుట్టాలు సూసి నవ్వుతారక్కా!" అన్నాడు మేస్త్రి.

"నవ్వనీరా. దీని మీద సుత్తి పడిందంటే నీకు పనీ లేదు, టీ కూడా లేదు."

"మరి లెవెల్ కలవదు కదా?"

"కొత్త గదినే దీని ఎత్తుకి తే!"

ఈ రోజు గొణుక్కుంటూనే కొత్త గదికి లెవెల్ దారం కట్టాడు, పాత గచ్చు ఎత్తుకే.