పేరు పెట్టని పిలుపు

పోయిన నెలలో కంటి ఆపరేషన్‌కని తిరుపతిలో ఆసుపత్రిలో చేరితే, మనవరాలి వయసున్న నర్సు పిల్ల ఒకతె నా మణికట్టుకు ప్లాస్టిక్ పట్టీ బిగించి, చుక్కల మందు వేయడానికి వచ్చిన ప్రతిసారీ పేరు చెప్పండి తాతా అని అడగడం మొదలుపెట్టింది. పట్టీ మీద నువ్వే రాశావు కదా తల్లీ, నన్నెందుకు చంపుతావని విసుక్కున్నాను గానీ, ఆ పిల్ల చేసేది న్యాయమే, నేనూ ఆ చదువే చదివినవాణ్ణి. కంటికి గంత కట్టుకుని పడుకున్న ఆ మధ్యాహ్నం, అడిగితే తన పేరు చెప్పలేని ఒక మనిషి గుర్తొచ్చాడు.

అప్పట్లో నేను పటాలంలో నర్సింగ్ అసిస్టెంటుని, అంటే గాయపడ్డవాడికి కట్టు కట్టి, మోసుకొచ్చి, డాక్టరు చేతిలో పెట్టే సిపాయిని. కొన్నేళ్ళు సర్వీసు అయ్యాక దూరవిద్యలో నర్సింగు డిగ్రీ చదవాలన్న పిచ్చి పట్టింది. మంచు కొండల మీద కిరోసిన్ పొయ్యి పక్కన పుస్తకం తెరిస్తే, చేతి తొడుగు తీస్తే వేళ్ళు కొంకర్లు పోయేవి, తీయకపోతే పేజీ తిరిగేది కాదు. ఏడాదికొకసారి దొరికే సెలవంతా తిరుపతిలో ఒక ఆసుపత్రి వార్డుల్లో ప్రాక్టికల్స్‌కే ధారపోస్తుంటే, చిత్తూరులో ఉన్న మా ఆవిడ, పెండ్లి చేసుకున్నది నన్నా ఆ పుస్తకాన్నా అని దెప్పిపొడిచేది.

మాకు పని నేర్పిన ఉస్తాదు ఒకటే మాట చెప్పేవాడు. గాయపడ్డవాణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉండాలి, పలికినంతసేపూ వాడు మనవాడే. నేను డిగ్రీ చదువుతున్న ఆ రోజుల్లోనే మంచు విరిగిపడి, డ్యూటీలో ఎప్పుడూ నాతో జతగా నడిచే నా జోడీదారు, మా చిత్తూరు పక్క పల్లెవాడే, అందులో చిక్కుకున్నాడు. తడిసిన బట్టలతో వణుకుతున్నవాణ్ణి బయటికి లాగి ఒళ్ళో పెట్టుకుని, సాయం వచ్చేదాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. ఆఁ అన్నాడు, మళ్ళీ ఆఁ అన్నాడు, ఆ తర్వాత అనలేదు. శవపేటికతో పాటు వాడి ఊరికి వెళ్ళడానికి నాకు సెలవు దొరకలేదు. తర్వాత సెలవు మీద వచ్చాక కూడా, వాడి భార్య ఎదుట నిలబడడమెలాగో తెలియక రేపు మాపు అనుకుంటూ ఉన్నాను.

డిగ్రీ పరీక్ష కోసం ఒక రోగిని అన్ని విధాలా చూసుకోవాలి. వార్డులో మాకు పాఠాలు చెప్పే మేడమ్ నాకు అప్పగించిన మనిషి, కొండకు నడిచి వెళ్ళి గుండు కొట్టించుకుని, దిగి వచ్చేటప్పుడు మెట్ల మీద పడి తలకు దెబ్బ తగిలించుకున్నవాడు. సంచీ లేదు, వెంట ఎవరూ లేరు, తన పేరు తనకే తెలియదు. తమవాళ్ళు తప్పిపోయారని ఫోటోలు పట్టుకుని వచ్చినవాళ్ళు, ఫోటోలో క్రాపూ మీసమూ, మంచం మీద నున్నటి గుండూ చూసి ఏదీ తేల్చుకోలేక వెళ్ళిపోయేవాళ్ళు. దానికి తోడు ఏ పేరు పెట్టి పిలిచినా ఆయన పలికేవాడు. మునెప్పా అంటే ఆఁ, చెంగల్రాయుడూ అంటే ఆఁ, మస్తానూ అన్నా ఆఁ! ఒక ముసలాయన తన తమ్ముడే అనుకుని ఆటో దాకా నడిపించుకుపోయి, చేతి మీద మచ్చ లేదని తిరిగి తెచ్చి వదిలాడు. వారంలోగా సొంతవాళ్ళు రాకపోతే ఏదో అనాథాశ్రమానికి పంపేస్తారని మేడమ్ చెప్పింది. పరీక్ష మాట దేవుడెరుగు, ఈ మనిషిని ఇంటికి చేర్చాల్సిందేనని నాకు పంతం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం, వార్డంతా అన్నాలు తిని కునుకు తీస్తున్న వేళ, స్టూలు వేసుకుని కూర్చుని నాకు తెలిసిన పేర్లన్నీ పిలుస్తున్నాను, ఏదో ఒకదానికి ఆ కళ్ళలో కదలిక కనిపించకపోతుందా అని. అన్నిటికీ అదే ఆఁ. పేర్లు అయిపోయి, అనుకోకుండా నా జోడీదారు పేరు నోట్లోంచి వచ్చింది. ఆయన పలకలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసి, చాలా మామూలుగా అన్నాడు.

"ఆయప్ప నీ ఎనకాలే నిలబడుకోనుండాడు గదప్పా. ఆయప్పని పిలిస్తే నేనెట్ల పలికేది?"

తిరిగి చూశాను. గోడ, కిటికీ, ఎండ. వీపు మీద మాత్రం మంచుగడ్డ పెట్టినట్టుంది. శవాలను మోసినవాణ్ణే, అయినా మళ్ళీ ఒకసారి తిరిగి చూశాను. "బట్టలంతా తడిసిపోయుండాయి, చలేస్తా ఉండాది పాపం" అంటూ ఆయన తన దుప్పటి మడిచి నా చేతిలో పెట్టాడు. దెబ్బ తిన్న మెదడు ఏవేవో చూపిస్తుందని పుస్తకంలో చదివిందే గానీ, తడిసిన బట్టల సంగతి నేనక్కడ ఎవరికీ చెప్పలేదే! ఆ రోజు మొదలు, మండుటెండలో బస్టాండులో నిలబడినా నా వీపుకు చలి తగులుతూనే ఉండేది.

వారం ముగిసేలోగా పుంగనూరు పక్క నుంచి ఒకామె వచ్చింది. ఫోటో లేదు. పేరు పెట్టి పిలువమ్మా అని మేడమ్ అంటే, మొగుని పేరు నోటితో ఎట్ల చెప్పేదని తల వంచుకుంది. మేడమ్ తల పట్టుకుంది. అంతలో ఆమె మంచం దగ్గరికి వెళ్ళి, బెంగంతా కోపం చేసుకుని, "ఇదో, నిన్నే! ఇంటికి రావా ఏంది?" అంది.

ఆయన ఆఁ అనలేదు. చప్పున లేచి కూర్చుని, మంచం కింద చెప్పుల కోసం కాలితో తడుముకున్నాడు. "వస్తాండా, అరవద్దు" అన్నాడు. వార్డంతా గొల్లున నవ్వింది, ఆమె మాత్రం భోరున ఏడ్చేసింది. గుమ్మం దాటబోతూ ఆయన ఆగి, ముందు నా వెనక్కి, తర్వాత నా మొహంలోకి చూసి, "ఆయప్పని గూడా ఇంటికి తోడుకోని పో అప్పా" అన్నాడు.

మర్నాడే నా జోడీదారు ఊరికి బస్సెక్కాను. వాడి భార్య వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కడపటి గంటల్లో ఏం జరిగిందో అడిగింది, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆసుపత్రిలో మనిషి సంగతి మాత్రం ఎత్తలేదు, అలాంటివి చెప్పి ఆమెను బెదరగొట్టడం ఇష్టం లేక. అన్నీ విని ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, నా భుజం పక్కగా వీధి వైపు చూసింది.

"ఇదో, ఆడనే నిలబడుకుంటే ఎట్ల? లోపలికి రా."

నన్ను కాదు, నన్ను అన్నా అని పిలిచింది. తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. వీపు మీద చలి పోయి, ఎండ చురుక్కుమని తగిలింది. ఆ మంచులో నేను పేరు పెట్టి పిలిచాను, చేతనైనంతసేపు పలికాడు పాపం, ఇంటికి లేచి వచ్చే పిలుపు నా దగ్గర ఎక్కడిది?

డిగ్రీ పాసయ్యాను, రిటైరూ అయ్యాను. ఇప్పటి ఆడపిల్లలు మొగుళ్ళను పేరు పెట్టి పిలుచుకుంటున్నారు, వినడానికి ముద్దుగానే ఉంది, తప్పు పట్టను. మా ఆవిడ మాత్రం పోయేదాకా నా పేరు నోట పలకలేదు. ఆమె పోయాక బ్యాంకులో, పింఛను ఆఫీసులో, అందరూ నన్ను పేరు పెట్టే పిలుస్తున్నారు, అందరికీ పలుకుతున్నాను. మధ్యాహ్నాలు ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని, వీపుకు చలి తగులుతుందేమోనని ఇప్పుడు నేనే ఎదురుచూస్తుంటాను, చిత్తూరు ఎండ తప్ప ఇంకేదీ తగలదు. వెనక నుంచి ఒక్కసారి ఆమె గొంతుతో "ఇదో, నిన్నే" అని వినబడితే చాలు, ఈ మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి లేచి వెళతాను.