పొగ పోయే దారి

మా మామగారు పోయిన సంగతి నాకు బస్సు డ్రైవరు చెప్పాడు. పోయిన వారం నేను హరూరులో మా పుట్టింట్లో ఉన్నాను. ధర్మపురి నుంచి వచ్చిన బస్సును వీధి మొదట్లో ఆపి, డ్రైవరు ఇంటిదాకా నడిచి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని, "మీ మామ తెల్లారి పోయినాడు మా. నిద్రలోనే" అన్నాడు. అదృష్టవంతుడు, మంచి చావు అని మా అమ్మ చేతులు జోడించింది. నిద్ర అంటే ఆయనకు ఎంత భయమో వీళ్ళకేం తెలుసు?

ఆయనకు ధర్మపురిలో, సేలం రోడ్డు మీద లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. తమిళనాడులో ఉన్నా మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గాని, చదవడం రాయడం వచ్చింది నాకొక్కదానికే. ఆయన బతికి ఉండగా ఈ మాటలు రాసి ఉంటే చదవలేకపోయేవారు, కాని రాయనిచ్చేవారూ కారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పగటిపూట ఇంట్లో ఎవరు కునుకు తీసినా ఆయనకు పడేది కాదు. నేను మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నీళ్ళుండాయా?" అని అడిగేవారు. కుండ ఆయన పక్కనే ఉండేది. ఇదేం మనిషమ్మా, కోడలు సుఖపడితే ఓర్వలేడు అని లోపల బాగా తిట్టుకునేదాన్ని. ఒకరోజు మా ఆయన దగ్గర పైకే అనేశాను. అప్పుడు మా ఆయనే నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి, గోనెపట్టాలు కప్పి ఉన్న, దొరల కాలం నాటి పాత సీమ కారు చూపించి, సంగతంతా చెప్పారు.

మా పెళ్ళికి ముందు జరిగింది. మామగారి చెల్లెలికి పుట్టింట్లో కాన్పయింది. తల్లీబిడ్డల్ని ఆ కారులో ఏరియూరుకు, ఆమె అత్తగారింటికి తీసుకెళ్తున్నారు. బాలింతకు గాలి తగలకూడదని అవ్వ, అంటే మామగారి తల్లి, వెనక అద్దాలు రెండూ పైకెత్తి మూసేసింది. కారు నడిపే మామగారి పక్క అద్దం తెరిచే ఉంటుంది కదా, ఆ గాలి కూడా సోకకుండా సీట్ల మధ్య అడ్డంగా చీర కట్టింది. బాలింత పడుకోవడానికి చోటు వదిలి, బిడ్డను కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తను ముందు కూర్చుంది. వెనక సీటు కింద పొగగొట్టం అతుకు తుప్పుపట్టి ఎప్పుడో విడిపోయి ఉంది. పెన్నాగరం దాటాక మామగారు చెల్లెల్ని పలకరించబోతే, "నిద్రపోతాండాది, లేపొద్దురా" అంది అవ్వ. ఏరియూరులో చీర తీసి చూస్తే, పొగ కమ్మి ఆమె ప్రాణంతో లేదు. బిడ్డ మాత్రం బతికి, తండ్రి దగ్గర పెరుగుతోంది.

ఆనాటి నుంచి మామగారిది ఒకటే మాట. "తప్పు నాది. అతుకు నేను చూసుకోలే." అద్దాల ఊసు గాని, చీర ఊసు గాని ఎవరినీ ఎత్తనిచ్చేవారు కారు. "అద్దాలు మూసినందుకేనని తెలిసిందంటే మా అమ్మ బతకదు" అని కొడుకుతో మాత్రం అన్నారట. అది విన్న తర్వాత నేను ఆయన్ను మళ్ళీ తిట్టుకోలేదు.

నాకు నెల తప్పింది. అవ్వ ఆ రోజే చెప్పేసింది. "కాన్పయినాక తల్లినీ బిడ్డనీ హరూరు నుంచి మన కార్లోనే తేవాల. బస్సులో గాలికి తెస్తే నేనొప్పను." అందరం మామగారి ముఖం చూశాం. "సరే మా" అన్నారాయన, అంతే. ఆ కారులోనా? అద్దాలు తెరిచి తెస్తానని ఒక్క మాట అనవచ్చు కదా అనిపించింది. కాని ఆ ఒక్క మాటతో తల్లికి అంతా తెలిసిపోతుంది. అద్దాలు బిగించినా పొగ లోపలికి రాని గొట్టం చేయడమొక్కటే ఆయనకు మిగిలిన దారి.

పాత గొట్టం కోసి అవతల పారేశారు. ఆ కాలపు కారుకు కొత్తది ఎక్కడ దొరుకుతుంది? లారీకి వాడే మందపాటి గొట్టం తెచ్చి తనే వంచారు. నలగకుండా వంగాలంటే లోపల ఇసుక దట్టించి, రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చాలి. ఇసుకలో చెమ్మ ఉంటే ఆవిరి పుట్టి గొట్టం పగులుతుంది. వేరుశనక్కాయలు వేయించే బాండలిలో ఆ ఇసుకను అవ్వే వేయించి ఇచ్చింది. ఎందుకని అడగలేదు. చెయ్యి నొప్పి పుడుతున్నా గరిటె నాకివ్వలేదు.

సీటు కింద ఒక్క అతుకు కూడా లేకుండా, గొట్టం వెనక బంపరు దాటి జానెడు బయటికి వచ్చేలా బిగించారు. తర్వాత దాని కొసకు తడిగుడ్డ కుక్కి, ఇవతల నుంచి కొలిమి తిత్తితో సాంబ్రాణి పొగ ఊదించి, కారు కింద వెల్లకిలా పడుకుని చూశారు. ఎక్కడా పొగ రాలేదు. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. "చప్పుడు చేసే బండికి భయపడొద్దు మా. చప్పుడు లేకుండా వచ్చేదానికి భయపడాల" అనేవారు.

ఒక మధ్యాహ్నం ఇంజను వేసి, వెనక సీటులో కూర్చుని, అద్దాలన్నీ ఎత్తించారు. "నన్ను పలకరిస్తా ఉండు మా. బదులు రాకుంటే తలుపు తీ" అన్నారు నాతో. నిండు నెలలతో ఆ తలుపు పట్టుకుని నిలబడ్డాను. నోటికేది వస్తే అది అడిగాను.

"మామా, రాత్రికి సంగటి చేసేదా?"

"చెయ్ మా."

"దాంట్లోకి?"

"ఏదైనా సరే."

"మామా?"

బదులు రాలేదు. తలుపు లాగాను. ఆయన సీటు మూలకు ఒదిగి, కళ్ళు తెరుచుకునే ఉన్నారు. బుగ్గలు తడిసి ఉన్నాయి. "పొగ లేదు మా" అన్నారు. కాసేపటికి, "అది ఇట్లే ఈ మూలకే పడుకోనుండె" అన్నారు. నేనూ ఏడ్చేశాను.

మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, నన్నూ బిడ్డనూ తీసుకురావడానికి వచ్చారు. పొద్దున్నే మంచు, పళ్ళు కొట్టుకునే చలి. ఈసారి చీర కట్టలేదు. అవ్వ వెనకే, నా పక్కన కూర్చుని, బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, మా అమ్మ చూస్తుండగా రెండు అద్దాలూ ఎత్తేసింది. దారి పొడుగునా మామగారిది ఒకటే ప్రశ్న. "అమ్మాయ్, మేలుకోనుండావా?" "ఆ, మామా" అంటూ వచ్చాను. ఎంతసేపని అంటాను? బాలింత ఒళ్ళు, ఎప్పుడో కన్ను అంటుకుంది.

ముఖాన చల్లగాలి కొట్టి ఉలిక్కిపడి లేచాను. కారు పోతూనే ఉంది. అవ్వ బిడ్డను చీర కొంగులో దాచుకుని, రెండో చేత్తో తన పక్క అద్దం అడుగుదాకా దించేసింది. చలికి ఆమె గడ్డం వణుకుతోంది.

"ఉక్క పోస్తాండాదిరా" అంది కొడుకుతో.

వెనక సీటు కనిపించే చిన్న అద్దంలోంచి మామగారు ఆమెను చూశారు. ఆమె కూడా తల తిప్పుకోకుండా చూసింది.

"అవును మా, ఉక్కే" అన్నారాయన.

ఆనాటి అద్దాల సంగతి ఇద్దరికీ ఎప్పటినుంచో తెలుసు. ధర్మపురి వచ్చేదాకా అవ్వ ఆ అద్దం పిడి మీది చెయ్యి తీయలేదు. మంచు లోపలికి వస్తూనే ఉంది.