చివరి పేజీలో రాసిన సూత్రం

కథలు రాయడం నేర్పే పుస్తకం ఒకటి నేనే రాశానని, ఆ పుస్తకాన్ని నమ్మిన మనిషికి చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. ఆ మనిషి గురించి మా గల్లీలో చాలా అన్నారు. నోరు ఊరుకోక కష్టం తెచ్చుకున్నాడన్నారు. పేరు కోసం పక్కింటివాళ్ల బతుకును పత్రికకెక్కించాడన్నారు. ఆ మాటలు వింటూ నేనూ తల ఊపాను. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో ఫలక్‌నుమాలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. సాయంత్రాలు ఉస్మాన్‌గంజ్‌లో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. బెల్లం, ఎండుమిర్చి గోదాముల మధ్య ఉండేది ఆ ప్రెస్సు. లోపలికి వెళ్లగానే తుమ్ములు వచ్చేవి. వ్యాపారుల బిల్లు పుస్తకాలతో పాటు బస్టాండ్లలో అమ్మే చవక పుస్తకాలు కూడా అక్కడ అచ్చయ్యేవి. ఉత్తరాలు రాయడం ఎలా, చేతిరేఖలు చూడటం ఎలా, ఇలాంటివి.

ఒకరోజు యజమాని నన్ను పిలిచి, "కథలు రాసుడు నేర్పే బుక్కు అడుగుతున్నరు జనం. నువ్వు కథలు రాస్తవు గద. నువ్వే రాయి" అన్నాడు.

అప్పటికి నా కథ ఒక్కటీ అచ్చు కాలేదు. పంపినవన్నీ తిరుగు టపాలో వచ్చేవి. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను ఎత్తలేదు. పేవ్‌మెంటు మీద కొన్న రెండు పాత ఇంగ్లిషు పుస్తకాలు ముందు పెట్టుకుని పుస్తకం పూర్తి చేశాను. ఎత్తుగడ, పాత్రలు, సంభాషణ, ముగింపు, అన్నిటికీ సూత్రాలు చెప్పాను. అట్ట మీద నా పేరు లేదు. 'అనుభవజ్ఞుడైన రచయిత' అని వేశారు.

పుస్తకాలు ఫారాల లెక్కన అచ్చవుతాయి. ఫారానికి పదహారు పేజీలు. నా పుస్తకం ఆఖరి ఫారంలో ఒక పేజీ ఖాళీ మిగిలింది. కంపోజిటరు పక్కన నిలబడి, "ఖాళీ ఇడిస్తే మంచిగుండదు సార్. ఏమన్న రాసియ్యి, జెల్ది" అన్నాడు. ఏమీ తోచలేదు. తల ఎత్తితే ఎదురుగా గోదాము తలుపు కనబడింది. అప్పుడు రాశాను: 'చూసింది చూసినట్టే రాయండి. వీధి మార్చవద్దు, ఇల్లు మార్చవద్దు, తలుపు రంగు కూడా మార్చవద్దు. మార్చిన చోట కథ చచ్చిపోతుంది.'

"జబర్దస్త్‌గుంది" అని కంపోజిటరు దాన్ని పెద్ద అక్షరాల్లో కూర్చాడు.

ఆ వారమే నేను మా ఆఫీసరు మీద ఒక కథ రాశాను. అందులో ఆఫీసును కాకినాడకు మార్చాను. ఆఫీసరును హెడ్మాస్టరును చేశాను. ఉద్యోగం పోతుందని భయం.

నేను రోజూ ఆఫీసుకు వెళ్లే బస్సులో ఒక కండక్టరు ఉండేవాడు. మా వెనక గల్లీలోనే ఇల్లు. భార్య, చంటిపిల్ల. టికెట్లు చింపుతూ మాటలు చెబుతుంటే దిగాల్సినవాళ్లు స్టాపు దాటిపోయేవారు. నన్ను ఏడిపించడం అతనికి ఇష్టం. "ఆంధ్రా సార్‌కు సీటియ్యుండ్రి. నిలబడితే ఇస్త్రీ నలుగుతది" అనేవాడు. కొన్నాళ్లకు సార్ పోయి అన్నా వచ్చింది.

ఒకరోజు అతని టికెట్ల సంచిలోంచి నా పుస్తకం బయటికి వచ్చింది. అఫ్జల్‌గంజ్ బస్టాండులో కొన్నాడట.

"గిది సదివినవా అన్నా? మస్తుగ రాసిండు. ఎవ్వరో గని పెద్దమనిషి."

"చూశాను" అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆగిపోయాను. నేనే రాశానంటే, నీ కథలు ఎక్కడ పడ్డాయని అడుగుతాడని భయం. దానికి తోడు, నేనెవరో తెలియకుండా నన్ను ఒకరు పొగుడుతుంటే వినడం బాగుంది.

రెండు నెలల్లో అతను ఒక కథ రాసుకొచ్చాడు. వాళ్ల గల్లీలో సైకిల్ షాపు వెనక పచ్చ తలుపు గది ఒకటి ఉండేది. అక్కడ మట్కా నడిచేది, అంకెల మీద పందెం. నడిపేవాణ్ణి అందరూ పహిల్వాన్ అనేవారు. ఎడమకాలు కుంటుతూ నడిచేవాడు. కండక్టరు పక్కింట్లో బట్టలు కుట్టే ఆమె ఉండేది. ఆమె భర్త మట్కాలో ఓడిపోతే, పహిల్వాన్ మనుషులు పట్టపగలు ఆమె కుట్టుమిషను ఎత్తుకుపోయారు. ఆమె ఆ పచ్చ తలుపు ముందు సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. కథ అదే. చదివి మళ్లీ మొదటినుంచి చదివాను. నేను అంత బాగా ఎన్నడూ రాయలేదు.

"ఒక్క మాట చెప్పు అన్నా" అన్నాడు. "తలుపు ఎర్రగ రాస్తే ఏమన్న నష్టమా? కుంటుడు గూడ తీసేద్దునా? మా ఇంట్లామె మార్చమంటుంది. భయపడుతుంది."

"పుస్తకంలో ఏముంది?" అన్నాను.

"మార్చద్దని ఉంది. మారిస్తే కథ సస్తదంట."

"రాసినాయన తెలిసే రాసి ఉంటాడు" అన్నాను.

అతను మార్చలేదు. ఒక వారపత్రిక కథను అచ్చువేసింది. ఆ రోజు బస్సులో ఎక్కిన ప్రతివాడికీ పత్రిక చూపించాడు. ఒకాయన చిల్లర అడిగితే, "ఆగు పెద్దాయనా, రైటర్‌తోటి మాట్లాడుతున్నవ్" అన్నాడు. అందరం నవ్వాం.

తరువాత వారం ఒక మనిషి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. పాన్ నములుతున్నాడు.

"యేడికి భాయ్?"

"ఆఖరి స్టాపు."

మర్నాడు కూడా ఎక్కాడు. ఆ మర్నాడు కూడా. ఆఖరి స్టాపు దాకా వెళ్లడం, అదే బస్సులో తిరిగి రావడం. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నాలుగైదు రోజులు గడిచేసరికి కండక్టరు మాటలు తగ్గాయి. జనం ఎవరి స్టాపులో వాళ్లు దిగుతున్నారు.

ఒక ఉదయం టికెట్ తీసుకుంటూ ఆ మనిషి నోరు విప్పాడు. గొంతు పెంచలేదు.

"కథ మంచిగ రాసినవంట. మా పహిల్వాన్ సదివిచ్చుకొని విన్నడు. కుంటుడు గూడ కరెక్టు రాసినవన్నడు."

కండక్టరు చిల్లర లెక్కపెట్టసాగాడు.

"ఇంకోటి రాస్తవా?"

"చూడాలె భాయ్."

"రాయి. గీసారి నీ ఇల్లు రాయి. మీ తలుపు ఏ రంగు?"

"రంగు లేదు. ఉత్త కట్టె."

"అట్లనా" అని ఆ మనిషి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ సాయంత్రం కండక్టరు నా గదికి వచ్చాడు. చేతిలో నా పుస్తకం.

"నువ్వు ఉస్మాన్‌గంజ్ పోతవ్ గద అన్నా. గీ ప్రెస్సు ఆడనే ఉందంట. గీ బుక్కు రాసినాయన యేడుంటడో అడుగు. గిట్లయితే ఏం చెయ్యాల్నో గీండ్ల లేదు. రాసినోనికి ఎర్కుంటది గద. మా ఇంట్లామె కార్వాన్‌ల వాళ్ల అమ్మోళ్లింటికి పోదామంటుంది. నేనే ఆగమన్న. ఆయన ఏమంటడో విని పోదామన్న."

నేను అక్కడే, అతనికి చెయ్యి చాచితే అందేంత దూరంలో కూర్చుని ఉన్నాను. ఆ పేజీ ఉత్తదని, ఇవాళే వెళ్లిపొమ్మని చెబితే సరిపోయేది.

"అడిగి చూస్తాను" అన్నాను.

ఆ వారమంతా బస్సెక్కగానే నా ముఖం వైపు చూసేవాడు. ఆయన ఊళ్లో లేడట అన్నాను ఒకసారి. కనుక్కుంటున్నారట అన్నాను ఇంకోసారి. తరువాత వేరే బస్సులో వెళ్లడం మొదలుపెట్టాను. ఈలోగా, మిషను పోయాక చేత్తోనే కుడుతున్న ఆ పక్కింటామె, కండక్టరు భార్య ఇచ్చిన జాకెట్టు గుడ్డను కత్తిరించకుండానే తిరిగి ఇచ్చేసింది. రెండు రోజుల తరువాత ఆమె ఇంటికి తాళం పడింది. వాళ్లు ఎక్కడికి పోయారో ఎవరూ అడగలేదు. నేను కూడా.

తరువాత ఒక ఆదివారం పొద్దున వెనక గల్లీలో జనం నిలబడి ఉంటే వెళ్లి చూశాను. కండక్టరు డ్యూటీలో ఉన్నాడు. భార్య నీళ్ల పంపు దగ్గరికి వెళ్లి బిందెతో తిరిగి వచ్చేసరికి వాళ్ల తలుపుకు పచ్చ రంగు వేసి ఉంది. సైకిల్ షాపు వెనక గది తలుపు రంగే. నీట్‌గా, అంచుల దాకా వేశారు. రంగు ఇంకా ఆరలేదు. లోపల పిల్ల నిద్రపోతోంది. ఆమె బిందె దించలేదు, తలుపు ముట్టుకోలేదు. లోపలికి ఎలా వెళ్లాలో తెలియనట్టు నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

మధ్యాహ్నానికి సామాను బండికెక్కింది. అతను నన్ను చూసి, "ఆయన దొరికిండా అన్నా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

ఎనభైలు సగం గడిచాక గానీ నేను కార్వాన్ వెళ్లలేదు. అప్పటికి కథలు రాయడం నేనూ మానేశాను. డిపోలో అడిగి ఇల్లు తెలుసుకున్నాను. జుట్టు నెరిసింది తప్ప అదే మనిషి. భార్య చాయ్ తెచ్చి ఇచ్చి గడప దగ్గర కూర్చుంది. మళ్లీ ఏమైనా రాశావా అని అడిగాను.

"లేదన్నా. నాతోని కాదు. గా బుక్కు ఇప్పటికీ ఉంది. అప్పుడప్పుడు తీస్త. ఆయన మంచిగనే చెప్పిండు, నాకే సమజ్ కాలే. యాడనో తప్పు సదివిన."

ఇన్నేళ్లూ అతను తప్పు తనదేననుకున్నాడు. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

"నువ్వు తప్పు చదవలేదు" అన్నాను. "ఆ పుస్తకం నేనే రాశాను. ఆఖరి పేజీ ఖాళీగా ఉందని, అది నిండటానికి ఆ మాట రాశాను. నా కథల్లో నేను అన్నీ మార్చుకున్నాను. నువ్వు అడిగిన రోజున తెలిసే అబద్ధం చెప్పాను. నీ ఇల్లు పోతుంటే కూడా నోరు తెరవలేదు."

అతను నా వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు. నేను కూడా ఆమె వైపు తిరిగాను.

"అమ్మా, మీరు మార్చమన్నారు. మీరు చెప్పిందే సరైన మాట. అది తెలిసి కూడా ఆ రోజు నేను కాదన్నాను. నన్ను క్షమించండి."